పంపులో లేని రోగం

కరోనా నెమ్మదించాక వచ్చిన రెండో వానాకాలం పంట అది. నిజాంసాగర్ కాలువ కింద వరి కోతలు మొదలై వారం దాటింది. ఆ రోజుల్లో కామారెడ్డిలోని నా దుకాణంలో కాలు పెట్టడానికి జాగా ఉండదు. ట్రాక్టర్ల పంపులు, లారీల పంపులు, కోత మిషన్ల పంపులు తెచ్చి, సుద్దముక్కతో పేర్లు రాసి వరసగా పెట్టిపోతారు. అందరికీ తమది ఈ రోజే కావాలి. నేను అందరికీ రేపు అంటాను. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే నడుస్తోంది.

నేను పుట్టింది ఎల్లారెడ్డిలో, పని నేర్చుకుని స్థిరపడింది కామారెడ్డిలో. పేరు విఠల్. డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు సరిగ్గా ఎంత డీజిల్ కావాలో అంత, సరిగ్గా ఎప్పుడు కావాలో అప్పుడు కొట్టే పంపు ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది గానీ మేమంతా పంపు అనే అంటాం. నా పని ఆ పంపును బాగుచేయడం. ఇంజన్‌లో మిగతాది ఏం చెడిపోయినా నాకు సంబంధం లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పైగా ఒక నియమం కూడా పెట్టుకున్నాను. పంపు నా దగ్గరికి రావాలి, నేను పంపు దగ్గరికి పోను. నా దగ్గర టెస్ట్ బెంచ్ ఉంది. పంపును దాని మీద బిగించి మోటారుతో తిప్పితే, ఏ వేగానికి ఎంత డీజిల్ పడుతోందో గాజు గొట్టాల్లో చుక్కలతో సహా కనిపిస్తుంది. అంత మంచి బెంచ్ ఉండగా బురదలో దిగాల్సిన ఖర్మ నాకేమిటని నా ధీమా.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున గంగామణి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. ఎల్లారెడ్డి బస్సు దిగి, గోనెసంచిలో చుట్టిన పంపును పసిపిల్లను మోసినట్టు చంకన పెట్టుకుని నా గడప ఎక్కింది. ఆ పంపు తక్కువ బరువేం కాదు. బస్సులో దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుందట.

"కింద పెట్టొచ్చు గద చెల్లె" అన్నాను.

"కింద పెడితె బస్సు అదురుడుకు ఏమన్న అయితదని అన్న. ఇప్పటికే రోగమొచ్చి ఉన్నది."

కోత మిషన్ వాళ్ళదే. భర్త నర్సింలు దుబాయిలో పనిచేస్తాడు. అక్కడ పదకొండేళ్ళు కూడబెట్టింది పెట్టి, మహారాష్ట్ర వైపు నుంచి పాత మిషన్ ఒకటి కొన్నారు. ఆమె అప్పటిదాకా బీడీలు చుట్టేది. మిషన్ వచ్చాక చాట అవతల పెట్టి, ఏ రోజు ఎవరి చేను కొయ్యాలో, డీజిల్ ఎక్కడ తేవాలో, రైతులతో ఎట్లా మాట్లాడాలో అన్నీ తనే చూసుకుంటోంది. మిషన్ నడిపేది నర్సింలు అన్న సాయిలు, ఆమెకు బావ. మొదటి ఏడాది రెండు పంటలకూ మిషన్ బాగా నడిచింది. ఈ పంటకు వచ్చేసరికే ఇంజన్ ఊగడం మొదలుపెట్టింది.

"ఊగుడంటె ఎట్ల?" అని అడిగాను.

ఆమె నోటితోనే వినిపించింది. సన్నగా మొదలై, పైకి లేచి, మళ్ళీ కిందికి జారి, మళ్ళీ లేచే చప్పుడు. దుకాణంలో ఉన్న ఇద్దరు లారీ డ్రైవర్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె చేసింది అచ్చం ఇంజన్ చప్పుడే. మా భాషలో దాన్ని హంటింగ్ అంటాం. ఇంజన్ ఒక వేగం మీద నిలవకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండటం.

కోత మిషన్‌కు ఇది మామూలు జబ్బు కాదు. పైరు కొయ్యడం, గింజ రాల్చడం, గాలి కొట్టి తాలు ఎగరగొట్టడం అన్నీ ఆ ఒక్క ఇంజన్ మీదే తిరుగుతాయి. వేగం పడిపోతే గింజ పూర్తిగా రాలక గడ్డితో పాటు వెనక నుంచి పోతుంది. వేగం ఎక్కువైతే గాలికి మంచి గింజ కూడా ఎగిరిపోతుంది. రైతు గట్టు మీద నిలబడి గడ్డిని చేత్తో దులిపి చూస్తాడు. నాలుగు గింజలు కనబడితే చాలు, సాయంత్రానికి ఆ మాట నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. గంగామణి మిషన్‌కు అప్పటికే ఆ పేరు పడింది. ముందుగా చెప్పి పెట్టుకున్న రైతులు ఒక్కొక్కరు వేరే మిషన్ మాట్లాడుకుంటున్నారు.

"పొద్దుగాల బాగ ఊగుతది అన్న. పగటీలికల్ల జర నయమైతది. బువ్వ తిన్నంక మల్ల మొదలైతది" అని చెప్పింది.

ఈ ముక్క అప్పుడు నేను సరిగ్గా విని ఉంటే ఈ కథే ఉండేది కాదు. "ఇంజనుకు బువ్వతోని ఏం పని చెల్లె? నువ్వు పంపు పెట్టి పో" అన్నాను. లారీ డ్రైవర్లు మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

ఇక్కడ గవర్నర్ గురించి కొంచెం చెప్పాలి. డీజిల్ ఇంజన్‌లో లీవర్ లాగితే డీజిల్ నేరుగా ఎక్కువ పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. లీవర్ లాగితే పంపు వెనకున్న గవర్నర్‌లో ఒక స్ప్రింగ్ సాగుతుంది, అంతే. నాకు ఇంత వేగం కావాలి అని చెప్పడం అన్నమాట. ఆ వేగం నిలబెట్టడానికి ఎంత డీజిల్ కావాలో తేల్చేది గవర్నరే. దాని లోపల రెండు ఇనుప గుండ్లు తిరుగుతుంటాయి. ఇంజన్ వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని, డీజిల్ తగ్గించే వైపు లాగుతాయి. వేగం పడిపోతే ముడుచుకుంటాయి. అప్పుడు స్ప్రింగ్‌ది పైచేయి అయి, డీజిల్ పెంచే వైపు లాగుతుంది.

ఈ లాగులాటంతా చిన్న చిన్న కీళ్ళ ద్వారా వెళ్ళి రాక్ అనే పళ్ళ కడ్డీని కదిలిస్తుంది. రాక్ జరిగితే పంపు లోపలి ప్లంజర్లు కొద్దిగా తిరుగుతాయి. ప్లంజర్ అంటే చిటికెన వేలంత ఉక్కు ముక్క. దాని ఒంటి మీద ఏటవాలుగా కోసిన గాడి ఉంటుంది. అది ఎటు ఎంత తిరిగిందన్న దాన్ని బట్టి సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజక్టర్‌కు పోయే డీజిల్ పెరుగుతుంది, తగ్గుతుంది. మిషన్ దట్టమైన పైరులోకి దూరినప్పుడు గవర్నర్ డీజిల్ పెంచుతుంది. మడి చివర మలుపు తిరిగేటప్పుడు తగ్గిస్తుంది. డ్రైవర్ లీవర్ ముట్టుకోనక్కర్లేదు. నాకు ఈ పంపుల్లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఎవరూ చూడని చోట కూర్చుని, ఎవరూ చెప్పకుండా, రోజంతా సర్దుతూనే ఉంటుంది.

ఈ కీళ్ళలో ఎక్కడైనా అరిగి వదులైనా, మురికి పట్టి బిగుసుకున్నా గవర్నర్ ఆలస్యంగా స్పందిస్తుంది. పెంచాల్సినదాని కన్నా ఎక్కువ పెంచుతుంది, తర్వాత తగ్గించాల్సినదాని కన్నా ఎక్కువ తగ్గిస్తుంది. హంటింగ్ అంటే నూటికి తొంభై సార్లు ఇదే. గంగామణి పంపు విప్పితే రాక్ కొంచెం బిరుసుగానే ఉంది. శుభ్రం చేశాను. రెండు పిన్నులు అరిగాయనిపించి మార్చాను. బెంచ్ మీద తిప్పితే గీత గీసినట్టు నిలబడింది. మర్నాడు ఆమె వచ్చి తీసుకుపోయింది.

మూడో రోజు మళ్ళీ అదే బస్సు, అదే గోనెసంచి.

"మల్ల గట్లనే చేస్తున్నది అన్న."

నాకు ముక్కు మీద కోపం. "బిగించినోడు సరిగ బిగించలేదు" అన్నాను. ఎల్లారెడ్డి మెకానిక్ సరిగ్గానే బిగించాడని ఆమె చెప్పింది. "అయితె ట్యాంకిల చెత్త ఉన్నది, ఫిల్టరు మార్చుండ్రి" అన్నాను. మార్చారట. "పైపుల గాలి పడుతున్నది" అన్నాను. పైపులు కూడా కొత్తవే వేశారట. ఇంకేం చెప్పాలో తోచక పంపు మళ్ళీ విప్పాను. గవర్నర్ స్ప్రింగ్ మార్చాను. గుండ్ల కింది బుష్‌లు మార్చాను. బెంచ్ మీద గంటసేపు తిప్పాను. వెంట్రుకంత తేడా లేదు.

"పొద్దుగాల ఎక్కువ, పగటీలికి తక్కువ" అని ఆమె మళ్ళీ చెప్పింది. పొద్దున చలికి డీజిల్ చిక్కబడుతుందేమో అని ఏదో నోటికొచ్చింది అన్నాను. అక్టోబరు నెలలో మన దగ్గర డీజిల్ చిక్కబడదని నాకూ తెలుసు. తెలియదని చెప్పడం చేతకాక ఆ మాట అన్నాను. ఆమె తలూపి, పంపు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులకు గంగామణి మళ్ళీ వచ్చింది. ఈసారి ఒట్టి చేతులతో వచ్చింది. వచ్చి బెంచ్ పక్కన స్టూలు మీద కూర్చుంది.

"పంపు తేలేదా?" అన్నాను.

"తేలేదన్న. నిన్ను తీస్కపోనీకి వచ్చిన."

"నేను చేన్లకు రాను చెల్లె. అందరికి తెలుసు."

"ఎల్లుండి డోంగ్లి దిక్కు నుంచి ఒకాయన వస్తున్నడు, మిషన్ కొనుక్కపోతనని. మా ఆయన ఫోన్ల మాట్లాడిండు. నీ తోని నడుస్తలేదు, అమ్మేద్దాం, నువ్వు ఎప్పటి పని చేస్కో అంటున్నడు. బీడీలు చుట్టుడంటె నాకు భయం లేదన్న. ఇరవై ఏండ్లు చుట్టిన. గని ఈ మిషన్ నేను నడిపిస్త అని మా ఆయన తోని కొట్లాడి కొనిపిచ్చిన. ఓడిపోయినట్టయితది."

నేను బెంచ్ వైపు చూపించాను. "నా తానైతె మంచిగనే తిరుగుతున్నది గద. నేనేం చెయ్యాలె?"

"మంచిగనే తిరుగుతది. నీ బెంచి వరి కొయ్యదు గదన్న" అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట ఉన్నట్టు అంది.

ఇరవై నాలుగేళ్ళలో నా బెంచ్‌ను అంతమాట అన్నవాళ్ళు లేరు. లోపల మండింది. కాసేపటికి ఆ మంట తనంతట తనే చల్లారింది, ఎందుకంటే ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే షట్టరు మూసి, పనిముట్ల సంచి బండికి కట్టుకుని ఎల్లారెడ్డి దారి పట్టాను.

చేను మహమ్మద్‌నగర్ అవతల కాలువ పక్కన. నేను చేరేసరికి మిషన్ సగం మడి కోసేసింది. దూరం నుంచే వినిపించింది, గంగామణి నా దుకాణంలో నోటితో చేసిన చప్పుడే. చేను రైతు ఒక ముసలాయన, తలకు తువ్వాలు చుట్టుకుని, గడ్డి దులిపి దులిపి చూసుకుంటున్నాడు. నన్ను చూసి, "నువ్వేనా కామారెడ్డి పెద్ద డాక్టరువు? జర జల్ది చూడు బిడ్డా, నా వడ్లన్ని పిట్టలకే పోతున్నయి" అన్నాడు.

నన్ను చూడగానే సాయిలు ఇంజన్ ఆపాడు. నిచ్చెన దిగుతూ, తడి గోనెపట్ట చుట్టిన పెద్ద నీళ్ళ క్యాను ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ, మర్యాద ఎక్కువ.

"ముందుగాల నీళ్ళు తాగు అన్న. పని ఏడికి పోతది" అన్నాడు.

మా వైపు ఎవరు వచ్చినా ముందు నీళ్ళివ్వాలి, ఆ తర్వాతే మాట. చల్లటి నీళ్ళు, ప్రాణం లేచొచ్చింది. ముసలాయన తాగాడు, గంగామణి తాగింది, గడ్డి కట్టే ఇద్దరు ఆడవాళ్ళు తాగారు. నేను రెండో చెంబు తాగి, మిగిలినదాంతో కాళ్ళు చేతులు కూడా కడుక్కున్నాను. ఖాళీ క్యానును సాయిలు గట్టు మీద తుమ్మచెట్టు నీడలో పెట్టి, మళ్ళీ మిషన్ ఎక్కాడు.

"పోనియ్యి, చూస్త" అన్నాను.

పోనిచ్చాడు. ఇంజన్ ఒక్క తీరుగా మోగింది. పైరులోకి దూరినా, మలుపు తిరిగినా, అడుగు తడిగా ఉన్న చోట కుంగినా వేగం కదల్లేదు. గంటన్నర మిషన్ పక్కనే నడిచాను. నాకు లోపల సంతోషమే. ఈ రోగం మనిషిని చూసి భయపడే రోగం అని గంగామణితో వేళాకోళం చేశాను. ఆమె నవ్వలేదు.

"ఎల్లారెడ్డి మెకానిక్ వచ్చినా గిట్లనే చేసింది అన్న. ఎవలన్న వస్తె బుద్ధిమంతురాలైతది. మీరు పోంగనె మల్ల మొదలు పెడ్తది."

అక్కడ నాకు చిన్న అనుమానం తగిలింది. రోగం మనిషిని చూసి ఆగదు. మనిషి వచ్చినప్పుడు చేన్లో ఇంకేదో మారుతోంది. అదేమిటో అర్థం కాలేదు. అన్నం తిని పోదువు గానీ ఉండమన్నారు. జొన్న రొట్టె, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. తుమ్మచెట్టు కింద కూర్చుని తిన్నాం. గంగామణి బోరు దగ్గరికి పోయి క్యాను నిండా నీళ్ళు పట్టుకొచ్చి సాయిలుకు అందించింది.

"డాక్టరు బాగ తాగమన్నడు గద బావ, తాగుతలేరు మీరు" అని గదమాయించింది. సాయిలుకు ఎండాకాలంలో కిడ్నీలో రాయి వచ్చిందట. పూటకు ఇన్ని నీళ్ళు తాగాలని డాక్టరు చెప్పాడు. అందుకని గంగామణే ఈ పెద్ద క్యాను కొని, నీళ్ళు చల్లగా ఉండాలని గోనెపట్ట కుట్టి, పట్టుకోవడానికి పైన తాడు కూడా వేసిపెట్టింది.

సాయిలు మిషన్ ఎక్కాడు. నేను చేయి కడుక్కుంటున్నాను. మిషన్ పది గజాలు పోయిందో లేదో ఇంజన్ ఊగింది. సన్నగా మొదలై, లేచి, జారి, మళ్ళీ లేచింది. చేతిలో చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తాను. "ఆపకు, నడుపుతనే ఉండు" అని అరుస్తూ, కదులుతున్న మిషన్ వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కాను. ఈ వయసులో చేయదగ్గ పని కాదు. కింద నుంచి ముసలాయన ఏదో తిట్టాడు, వినపడలేదు.

ఇంజన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పంపు మీదున్న గవర్నర్ లీవర్‌ను రెండు వేళ్ళతో పట్టుకున్నాను. నా పనిలో ఇది చాలా ముఖ్యమైన పరీక్ష. డ్రైవర్ దగ్గరి నుంచి వచ్చే థ్రాటిల్ రాడ్ ఈ లీవర్‌కే తగులుతుంది. గవర్నర్ లోపల జబ్బు ఉంటే ఈ బయటి లీవర్ నిశ్చలంగా ఉంటుంది, రాక్ మాత్రం లోపల ఊగుతుంది. నా వేళ్ళ మధ్య లీవర్ కదులుతోంది. వరిగింజ మందం ముందుకు, వరిగింజ మందం వెనక్కి. ఆ కాస్తా చాలు, ఇంజన్ వేగం ఊగిపోవడానికి.

పంపులో ఏ రోగమూ లేదు. వేగం పెంచు అని ఒకసారి, తగ్గించు అని ఒకసారి పై నుంచి ఎవరో చెబుతూనే ఉన్నారు. పాపం గవర్నర్ చెప్పినట్టల్లా వింటోంది.

ఎవరు చెబుతున్నారో చూద్దామని రాడ్ వెంబడి చేయి పోనిచ్చాను. వేలంత లావు ఇనుప కడ్డీ. ఇంజన్ దగ్గర్నుంచి డ్రైవర్ సీటు వెనకగా అడ్డంగా పోయి అతని చేతి లీవర్‌కు తగులుతుంది. నడుమ దాన్ని పట్టి ఉంచాల్సిన బిగింపు ఎప్పుడో ఊడిపోయింది. సీటు వెనకకు వచ్చేసరికి నా చేతికి తడి గోనెపట్ట తగిలింది.

నిండు క్యాను. తాడుతో సహా రాడ్‌కు వేలాడుతోంది.

సాయిలుకు అదే వీలైన చోటు. సీటు నీడ పడుతుంది, చేయి వెనక్కి చాపితే అందుతుంది, కాళ్ళ దగ్గర పెడితే దొర్లిపోతుంది. ఆ బరువుకు రాడ్ నడుమ కిందికి వంగుతోంది. మిషన్ గతుకులో పడి లేచినప్పుడల్లా క్యాను ఎగిరి కుంగుతోంది. దాంతో రాడ్ వంపు మారి, కొసన ఉన్న గవర్నర్ లీవర్ ముందుకీ వెనక్కీ జరుగుతోంది. పొద్దున క్యాను నిండుగా ఉంటుంది కనుక ఊగుడు ఎక్కువ. తాగిన కొద్దీ బరువు తగ్గి మధ్యాహ్నానికి నయం. అన్నాలయ్యాక మళ్ళీ నింపుతారు, మళ్ళీ మొదలు. గంగామణి మొదటి రోజే నాకు టైముతో సహా చెప్పింది. ఇక ఎవరైనా మెకానిక్ వస్తే సాయిలు ముందు చేసే పని, క్యాను దించి వాళ్ళకు నీళ్ళివ్వడం.

నేను క్యానును దించి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంజన్ ఆ క్షణమే కుదుటపడింది. మళ్ళీ తగిలించాను. ఊగింది. మళ్ళీ దించాను. సాయిలు మెడ తిప్పి చూసి, నెమ్మదిగా మిషన్ ఆపాడు. అతని ముఖం చూడాలి. "ఇది నేను చేసిన్నా?" అన్నాడు.

కిందికి దిగి అందరికీ చూపించాను. ముసలాయనకు నవ్వు ఆగలేదు, నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుంది. గడ్డి కట్టే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంగామణి తల పట్టుకుంది. "నేనే కొన్న, నేనే కుట్టిన, నేనే తాడు ఏసిన" అంటూ గట్టు మీద కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా చాలాసేపు భుజాలు ఊపింది. నేను సంచిలోంచి ఒక బిగింపు తీసి రాడ్‌కు వేశాను. డ్రైవర్ లీవర్ దగ్గర అరిగిన వాషర్ మార్చి, తనంతట తను జరగకుండా బిగించాను. క్యాను కోసం సీటు పక్కన నిచ్చెన చట్రానికి గట్టి కొక్కెం ఒకటి కట్టాను. అరగంట పని. సాయిలు మాత్రం దూరంగా నిలబడి నేల చూస్తున్నాడు.

అప్పుడే దుబాయి నుంచి ఫోన్ వచ్చింది. వీడియో కాల్. నర్సింలు తలకు పసుపు టోపీతో పని మధ్యలోనే చేసినట్టున్నాడు. గంగామణి ఒక్క ముక్క కూడా చెప్పకుండా ఫోన్ నా చేతికిచ్చింది.

"నమస్తె అన్న. నువ్వే స్వయంగా చేనుకు వచ్చినవట. నీ మాట మీదనే ఉన్న. గవర్నర్ పాడైనట్టేనా? ఇంక ఆ మిషన్ మీద నమ్మకం పెట్టుకోవచ్చునా, అమ్మెయ్యాలనా? డోంగ్లి ఆయన రేపు బయానా పైసలు తెస్తనంటున్నడు."

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ అర నిమిషంలో నా బుర్రలో ఎన్ని తిరిగాయో దాచకుండా చెబుతాను. గవర్నర్‌లో సన్నటి లోపం ఉండె, పట్టుకుని సరిచేసిన అంటే నా పేరు నిలుస్తుంది, రెండుసార్లు పంపు విప్పిందానికి కూడా అర్థం ఉంటుంది. కానీ ఒకసారి గవర్నర్ చెడిందని తెలిసిన మిషన్‌ను ఆయన ఉంచడు, అమ్మేస్తాడు. మీ అన్న క్యాను తగిలించిండు అనొచ్చు. అది నిజమే. కానీ సాయిలు ఇక ఆ సీటు ఎక్కలేడు, తమ్ముడి ముఖం చూడలేడు. నీళ్ళు తాగమన్న ఆడమనిషి మీదికీ మాట వస్తుంది, మిషన్ నడపడం నీతోని కాదంటిని గద అని.

"నర్సింలు, మిషన్‌కు ఏం కాలేదు. పంపు మంచిగున్నది, గవర్నర్ మంచిగున్నది, నడిపేటోడు మంచిగ నడుపుతున్నడు" అన్నాను. "రాడ్ మీద బరువు పడుతున్నది. గంతే. నీ భార్య మొదటి దినమే నాకు అంత చెప్పింది, ఎప్పుడు ఎక్కువ ఊగుతది, ఎప్పుడు తక్కువ ఊగుతది అని. నేను ఇనలేదు. చేనుకు రమ్మంటె రాలేదు. దుకాణంల కూసొని, మంచిగున్న పంపును రెండుసార్లు ఇప్పిన. తప్పు నాది."

ఫోన్‌లో ఎక్కడో వెనక క్రేను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"నీ తప్పు అని నువ్వే చెప్తున్నవా అన్న?"

"మరి ఇంకెవరు చెప్పాలె?"

నర్సింలు నవ్వాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇంజన్లు బాగుచేసేటోడు నా తప్పు అనంగ ఇదే మొదటిసారి ఇంటున్న. గట్లయితె మిషన్ మంచిదే. ఫోన్ ఆమెకియ్యి."

గంగామణి ఫోన్ తీసుకుని నాలుగడుగులు పక్కకు పోయింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమె నడకే మారింది. సాయిలు దగ్గరికి పోయి, "బావ, డోంగ్లి ఆయనకు రావద్దని మీరే ఫోన్ చేసి చెప్పుండ్రి. ఇంక రెండెకరాలున్నది, పొద్దు గూకకముందే అయిపోవాలె. ఎక్కుండ్రి" అంది. సాయిలు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. పై తువ్వాలుతో ముఖం తుడుచుకుని మిషన్ ఎక్కాడు.

ఆ రెండెకరాలూ పూర్తయ్యేదాకా నేను గట్టు మీదే కూర్చున్నాను. ముసలాయన గడ్డి దులిపి చూసి, గింజ కనపడక, నా చేతికి కూడా ఇచ్చి చూడమన్నాడు. గవర్నర్ పని ఎంత అందంగా ఉంటుందో అన్నేళ్ళలో నేను చూసింది గాజు గొట్టాల్లోనే. దట్టమైన పైరులోకి మిషన్ దూరుతున్నా చప్పుడు ఒక్క తీరుగా నిలబడటం చేన్లో వినడం అదే మొదటిసారి. ఆ సంతోషం చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఆ కేసు తర్వాత నా నియమం ఎత్తేశాను. పంపు ఎవరు తెచ్చినా, సంచి విప్పకముందే స్టూలు వేసి కూర్చోబెట్టి, ఏ పూట, ఏ పనిలో, ఏం చేస్తుంటే చెడుతోందో మొత్తం చెప్పమంటాను. సగం పంపులు విప్పాల్సిన పనే పడటం లేదు. నా పనిలో నేర్చుకున్నవన్నీ గురువుల దగ్గరో, బెంచ్ దగ్గరో నేర్చుకున్నవే. ఇది మాత్రం ఆ చేన్లో నేర్చుకున్నాను. తప్పు నాదని నేను ఒప్పుకోకపోయి ఉంటే, నా పేరు నిలిచేది. ఏ తప్పూ లేని మిషన్ ఒకటి అమ్ముడుపోయేది, ఏ తప్పూ చేయని ఆడమనిషి ఒకతె తను ఓడిపోయానని బతుకంతా అనుకుంటూ ఉండేది.